విషయసూచిక ఇంటికి వచ్చిన కాలం: ఆన్‌లైన్ విద్యా ప్రచురణలు, వార్తా ఫీడుల చరిత్ర

1. ఉపోద్ఘాతం

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైన తరువాత మన వేదాంత కళాశాలలు అనేకం కొద్ది వారాల వ్యవధిలోనే ఆన్‌లైన్ బోధనకు మారవలసి వచ్చింది. మాకు కూడా సంఘ చరిత్రలో ఒక పాఠ్యాంశాన్ని జూమ్ ద్వారా బోధించే పని అప్పగించారు. తరగతి గదిలో ఎలా చెప్పేవారమో అలాగే ఫోను ముందు కూర్చుండి గంటసేపు చెప్పాము. మొదటి వారంలో ఇరవై ఇద్దరు విద్యార్థులు వచ్చారు. నాలుగవ వారానికి తొమ్మండుగురు మిగిలారు. సిగ్నల్ లేదని, డేటా అయిపోయిందని కొందరు చెప్పారు. అది నిజమే. కాని సిగ్నల్ ఉన్నవారు కూడా ఎందుకు మానివేశారో మాకు అప్పుడు బోధపడలేదు.

ఆ పాఠ్యాంశం ముగిసి కొన్ని నెలలు గడిచిన తరువాత గారిసన్, ఆండర్సన్, ఆర్చర్ అనే ముగ్గురు కెనడా విద్యావేత్తల సిద్ధాంతాన్ని చదివాము. ఆన్‌లైన్ తరగతిలో అభ్యాసం జరగాలంటే మూడు విధాలైన సన్నిధి ఉండాలని వారు 2000 సంవత్సరం నాటికే ప్రతిపాదించారు. మొదటిది బోధకుని సన్నిధి. రెండవది విద్యార్థులు ఒకరికొకరు మనుషులుగా తెలిసి ఉండే సాంఘిక సన్నిధి. మూడవది కలిసి ఆలోచించి అర్థానికి చేరే జ్ఞాన సన్నిధి. మా తరగతిలో మొదటిది మాత్రమే ఉన్నది. విద్యార్థి నోరు విప్పడానికి గాని, తోటివాని పేరు తెలుసుకోవడానికి గాని మేము ఏ అవకాశమూ కల్పించలేదు. ఈ సిద్ధాంతంపై చర్చ ఇరవై ఏళ్లుగా, ఖర్చు లేకుండా చదువుకొనగల పత్రికలలో సాగుతూనే ఉన్నది. మేము దానిని అవసరం తీరిపోయిన తరువాత చదివాము.

గ్రంథాలు లేకపోవడం ఒక కొరత. అవి ఉన్నాయని తెలియకపోవడం మరొక కొరత. ఈ రెండవ కొరతను తీర్చడానికి గత డెబ్బై ఏళ్లలో జరిగిన ప్రయత్నాలను, ముఖ్యంగా వార్తా ఫీడు అనే సాధనం పుట్టి, పెరిగి, మరుగునపడిన తీరును ఈ వ్యాసంలో పరిశీలిస్తాము. ఆ సాధనం నశించలేదనీ, గ్రంథాలయానికి దూరంగా పరిచర్య చేసే కాపరికి అది నేటికీ ఉపయోగకరమేననీ మా అభిప్రాయం.

2. తపాలాలో వచ్చిన విషయసూచికలు

మేము బి.డి. చదివే రోజులలో కళాశాల గ్రంథాలయంలో కొత్త పత్రికలకు ఒక ప్రత్యేకమైన అర ఉండేది. శనివారం మధ్యాహ్నం అక్కడికి వెళ్లి, కొత్త సంచికల విషయసూచికలను నోటుపుస్తకంలో ఎత్తి వ్రాసుకొనేవారము. చదువు ముగించుకొని గ్రామ సంఘానికి వెళ్లిన తరువాత ఆ నోటుపుస్తకం అక్కడితో ఆగిపోయింది. రెండు బస్సులు మారితే గాని ఆ అర దగ్గరికి చేరలేము. మన సేవకులలో అధికులకు ఈ అనుభవం ఉండే ఉంటుంది.

ఈ ఇబ్బంది పెద్ద విశ్వవిద్యాలయాల పండితులకు కూడా ఉండేది. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో యూజీన్ గార్ఫీల్డ్ 1958లో 'కరెంట్ కంటెంట్స్' అనే వారపత్రికను ఔషధ, జీవశాస్త్ర రంగాల కోసం ప్రారంభించారు. అందులో వ్యాసాలు ఉండవు. వివిధ పత్రికల విషయసూచికల పుటలను యథాతథంగా ముద్రించి చందాదారులకు పంపేవారు. శాస్త్రవేత్త దానిని తిరగవేసి, తనకు కావలసిన వ్యాసం ఎక్కడ ఉన్నదో తెలుసుకొనేవాడు.

దైవశాస్త్ర రంగంలో ఇటువంటి పని అంతకు ముందే మొదలైనది. అమెరికా వేదాంత గ్రంథాలయాల సంఘం 1949 నుండి వెలువడిన వ్యాసాలతో మతసంబంధమైన పత్రికల సూచికను సిద్ధపరచింది. 1956లో యేసు సభవారి వెస్టన్ కళాశాల 'న్యూ టెస్టమెంట్ అబ్‌స్ట్రాక్ట్స్' ప్రారంభించి, నూతన నిబంధనపై వచ్చే వ్యాసాల సారాంశాలను అందించింది. ఇవన్నీ విలువైన సేవలే. అయితే చందాలు డాలర్లలో ఉండేవి, సంచికలు ఓడ తపాలాలో వచ్చేవి. అందువలన అవి గ్రంథాలయం దాటి కాపరి ఇంటికి చేరలేదు.

ఇదే కాలంలో విద్య మాత్రం విద్యార్థి ఇంటికి ప్రయాణం మొదలుపెట్టింది. 1963లో గ్వాటెమాలాలోని ప్రెస్బిటేరియన్ సెమినరీ, గ్రామాలలోని నాయకులు తమ ఊరు విడువకుండానే చదువుకొనే విస్తరణ వేదాంత విద్యను ఆరంభించింది. 1971లో బెంగుళూరు కేంద్రంగా ఏర్పడిన టాఫ్టీ మన దేశంలో ఆ పద్ధతిని వ్యాపింపజేసింది. లౌకిక విద్యలో కూడా, దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాదులోనే వెలసింది. నేడు అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో నడుస్తున్నది. కాబట్టి దూరవిద్య తెలుగువారికి కొత్త కాదు. పాఠం ఇంటికి వచ్చింది, పరీక్షాపత్రం ఇంటి నుండి వెళ్లింది. ఆ పాఠం వ్రాసిన తరువాత ఆ విషయంపై కొత్తగా ఏమి వెలువడిందన్న సమాచారం మాత్రం ఇంటికి రాలేదు.

3. ఉచితంగా లభించినా వెదకవలసి వచ్చింది

1991లో పాల్ గిన్స్‌పార్గ్ అనే భౌతికశాస్త్రవేత్త, తరువాతి కాలంలో ఆర్కైవ్ అని పేరు పొందిన వ్యాసనిధిని అమెరికాలో స్థాపించారు. పండితులు తమ వ్యాసాలను ముద్రణకు ముందే అక్కడ ఉంచితే, ఎవరైనా చదువుకొనవచ్చు. 1996లో 'ఫస్ట్ మండే' అనే పత్రిక కాగితం లేకుండా ఇంటర్నెట్‌పైనే ఆరంభమైంది. తెలుగులో 1998లో 'ఈమాట' సాహిత్య పత్రిక అదే మార్గంలో వెలువడింది. 2000లో కెనడాలోని అథబాస్కా విశ్వవిద్యాలయం దూరవిద్యా పరిశోధనకు ఒక అంతర్జాతీయ పత్రికను ప్రారంభించి, అందరికీ ఉచితంగా తెరచి ఉంచింది. 2001 ఏప్రిల్‌లో అమెరికాలోని ఎం.ఐ.టి. తన పాఠ్యాంశాల సామగ్రిని ఉచితంగా ప్రచురిస్తానని ప్రకటించి, మరుసటి ఏడాది ఆ పని మొదలుపెట్టింది. మన దేశంలో ఐ.ఐ.టి.లు, భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి 2003లో ఎన్.పి.టి.ఇ.ఎల్. పథకాన్ని చేపట్టాయి.

2002 ఫిబ్రవరిలో వెలువడిన బుడాపెస్ట్ ప్రకటన, పరిశోధన వ్యాసాలు అందరికీ ఉచితంగా అందాలని కోరింది. 2003లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం అటువంటి ఉచిత పత్రికల పట్టికను 300 పత్రికలతో ఆరంభించింది. నేడు ఆ పట్టికలో 20,000కు పైగా పత్రికలు ఉన్నాయి. కెనడాలో జాన్ విలిన్‌స్కీ నడిపిన ప్రజ్ఞాన పథకం 2001లో 'ఓపెన్ జర్నల్ సిస్టమ్స్' అనే ఉచిత సాఫ్ట్‌వేరును అందించింది. దీనివలన చిన్న కళాశాల కూడా తన పత్రికను ఇంటర్నెట్‌పై నడుపుకొనే వీలు కలిగింది.

ఈ విధంగా చందా భారం చాలా వరకు తగ్గింది. కాని దాని స్థానంలో మరొక భారం వచ్చింది. గ్రంథాలయంలో ఒకే అరలో కనబడిన పత్రికలు ఇప్పుడు వందల చోట్లకు చెదరిపోయాయి. ముప్పై పత్రికలను అనుసరించాలంటే ముప్పై చోట్లకు వెళ్లి, కొత్త సంచిక వచ్చిందా అని చూడాలి. ఎక్కువసార్లు వచ్చి ఉండదు. ఇంటర్నెట్ కేంద్రంలో గంటకు ఇంత అని చెల్లించి కూర్చునే రోజులలో ఈ తిరుగుడు ఎంత ఖర్చుతో కూడినదో అనుభవించినవారికి తెలుసు.

4. ఫీడు పుట్టుక

ఈ చిక్కుకు పరిష్కారం వార్తల రంగం నుండి వచ్చింది. దానికి ఆర్.ఎస్.ఎస్. అని పేరు. ఈ మూడు అక్షరాలు మన దేశంలో వేరొక సంస్థ పేరుగా ప్రసిద్ధం. ఇక్కడ మనం మాట్లాడుకొనేది కంప్యూటర్లు సమాచారం అందించుకొనే ఒక పద్ధతి గురించి మాత్రమే.

1999 మార్చిలో నెట్‌స్కేప్ సంస్థలో రామనాథన్ గుహా, డాన్ లిబ్బీ దీని మొదటి రూపాన్ని తయారుచేశారు. గుహా మద్రాసు ఐ.ఐ.టి.లో చదివిన భారతీయుడు. అంతకు ముందు ఆపిల్ సంస్థలో ఉన్నప్పుడు కూడా ఆయన ఇటువంటి సమాచార వర్ణనపైనే పని చేశారు. నెట్‌స్కేప్ తన పాఠకులకు వేర్వేరు వార్తాసంస్థల శీర్షికలను ఒకే పుటలో చూపాలని కోరింది. అందుకే ఈ ఏర్పాటు జరిగింది. అదే ఏడాది జూలైలో దాని సవరించిన రూపం వచ్చింది.

పద్ధతి సులభమైనది. ప్రచురణకర్త తన పుటలతో పాటు ఒక చిన్న ఫైలును కూడా ఉంచుతాడు. కొత్త వ్యాసం వచ్చిన ప్రతిసారి దాని శీర్షిక, తేదీ, చిరునామా, రెండు మాటల సారాంశం ఆ ఫైలులో చేరుతాయి. పాఠకుని దగ్గర ఫీడ్ రీడర్ అనే సాధనం ఉంటుంది. పాఠకుడు తనకు కావలసిన పత్రికల ఫైళ్ల చిరునామాలను అందులో ఒకసారి చేర్చుతాడు. అప్పటి నుండి ఆ సాధనమే కొంత సమయానికొకసారి ఆ ఫైళ్లన్నిటినీ చూసి, కొత్తవి ఉంటే ఒకే పట్టికలో వరుసగా చూపుతుంది. ఇందులో రెండు విషయాలు గమనార్హం. పాఠకుడు ఎవరో, అతని చిరునామా ఏమిటో ప్రచురణకర్తకు తెలియనవసరం లేదు. పట్టికలో ఏవి ఉండాలో నిర్ణయించేవాడు పాఠకుడే. గార్ఫీల్డ్ ఫిలడెల్ఫియాలో కూర్చి పంపిన విషయసూచికను ఇప్పుడు ఎవరికి వారు తమ కోసం కూర్చుకొనగలిగారు.

నెట్‌స్కేప్ 2001 నాటికి ఈ పనిని విడిచిపెట్టింది. దానిని నిలబెట్టినవారు బయటివారు. వారిలో కూడా ఐకమత్యం లేకపోయింది. 2000 డిసెంబరులో ఒక బృందం 1.0 అనే రూపాన్ని ప్రకటించింది. ఆ బృందంలోని ఆరన్ స్వార్ట్జ్ అప్పటికి పద్నాలుగేళ్ల బాలుడు. డేవ్ వైనర్ అనే మరొక రచయిత తనదైన సరళ మార్గాన్ని అనుసరించి 2002లో 2.0 రూపాన్ని తెచ్చారు. 2003లో దాని హక్కులను హార్వర్డ్‌లోని బెర్క్‌మన్ కేంద్రానికి అప్పగించి, ఎవరైనా వాడుకొనే విధంగా చేశారు. ఈ వివాదాలతో విసిగినవారు 'ఆటమ్' అనే మూడవ పద్ధతిని రూపొందించగా, అది 2005 డిసెంబరులో ఇంటర్నెట్ ప్రమాణంగా వెలువడింది. పాఠకుని దృష్టిలో ఈ మూడూ ఒకే పని చేస్తాయి. ఫీడ్ రీడర్లు మూడింటినీ చదువుతాయి.

సేవకులు ఒక సంగతి గమనించాలి. 2000 డిసెంబరులోనే వైనర్ తన రూపంలో శబ్ద ఫైలును జతచేసే వీలు కల్పించారు. 2004 నుండి పాడ్‌కాస్ట్ అనే పేరు వాడుకలోకి వచ్చినది దీనికే. నేడు మనం ఫోనులలో వినే ప్రసంగాల పాడ్‌కాస్టులు అనేకం ఈ ఫీడుల ద్వారానే వస్తున్నాయి. పేరు తెలియకుండానే మనలో చాలామంది ఫీడు వాడుకరులం.

5. ఉపాధ్యాయుల చేతిలో ఫీడు

విద్యారంగంలో ఈ సాధనాన్ని అందరికంటె ముందుగా గుర్తించినవారిలో స్టీఫెన్ డౌన్స్ ఒకరు. కెనడా జాతీయ పరిశోధన మండలిలో పనిచేసిన ఆయన, 2001 నుండి ఆన్‌లైన్ విద్యపై వచ్చే రచనలను చదివి, వాటిపై తన వ్యాఖ్యను జోడించి, పనిదినాలలో ఒక లేఖగా పంపుతూ వచ్చారు. విద్యా రచయితల ఫీడులన్నిటినీ ఒకచోట చేర్చే సంకలనాన్ని కూడా తయారుచేశారు.

2008లో ఆయన, జార్జ్ సీమెన్స్ కలిసి మానిటోబా విశ్వవిద్యాలయం పక్షాన ఒక పాఠ్యాంశాన్ని నడిపారు. రుసుము చెల్లించి చేరినవారు సుమారు 25 మంది. రుసుము లేకుండా పాల్గొన్నవారు 2,200 మందికి పైగా ఉన్నారు. ఇంతమందిని ఒకే గదిలో కూర్చోబెట్టడం సాధ్యం కాదు గనుక ఎవరికి వారు తమ సొంత స్థలంలో వ్రాసుకొన్నారు. ఆ రచనలను ఫీడుల ద్వారా సేకరించి, ప్రతిదినం ఒక లేఖగా అందరికీ పంపించారు. మూక్ అనే పేరు ఈ పాఠ్యాంశంతోనే పుట్టింది. ఆ పేరుతో తరువాత వచ్చిన పెద్ద సంస్థలు వీడియో ఉపన్యాసాలను ప్రధానం చేశాయి. మొదటి ప్రయోగంలో మాత్రం విద్యార్థులు ఒకరి రచనను మరొకరు చదవడమే పాఠంగా ఉన్నది. లాక్‌డౌన్ కాలపు మా తరగతిలో లోపించినది ఇదే.

2009లో ఎడింబరోలోని హెరియట్-వాట్ విశ్వవిద్యాలయం, వేలాది పరిశోధన పత్రికల విషయసూచికల ఫీడులను ఒకచోట కూర్చిన 'జర్నల్ టాక్స్' అనే సేవను ప్రారంభించింది. 1958 నాటి పద్ధతి యాభై ఏళ్ల తరువాత ఈ రూపంలో, ఏ ఊరి పాఠకునికైనా అందుబాటులోకి వచ్చింది.

6. ఒకే పేరు, రెండు మార్గాలు

గూగుల్ సంస్థ 2005 అక్టోబరులో రీడర్ అనే ఉచిత సేవను తెచ్చింది. అది బాగా ఉండడం వలన పాఠకులు అనేకులు అందులో చేరారు. 2013 మార్చిలో, వాడకం తగ్గిందని చెబుతూ దానిని మూసివేస్తామని సంస్థ ప్రకటించింది. లక్షకు పైగా పాఠకులు మూయవద్దని విన్నపంపై సంతకాలు చేశారు. అయినా 2013 జూలై 1న అది మూతపడింది. ఫీడుకు బాల్యంలో సహాయపడిన ఆరన్ స్వార్ట్జ్ అదే ఏడాది జనవరిలో ఇరవై ఆరేళ్ల వయస్సులో మరణించారు.

ఈలోగా ఫీడు అనే మాటకే అర్థం మారిపోయింది. 2006 సెప్టెంబరులో ఫేస్‌బుక్ 'న్యూస్ ఫీడ్' అనే ఏర్పాటును ప్రవేశపెట్టింది. క్రమంగా, ఫీడు అంటే జనులకు అదే తోచసాగింది. ఈ రెండింటికీ పేరులో తప్ప పోలిక తక్కువ. మొదటి ఫీడులో మనం కోరిన పత్రికలు తేదీ క్రమంలో వస్తాయి, చూడవలసినవి అయిపోతే పట్టిక ఖాళీ అవుతుంది. రెండవ ఫీడులో ఏది ముందు కనబడాలో సంస్థ లెక్కలు నిర్ణయిస్తాయి, దానికి ముగింపు ఉండదు. మొదటిది మనం చందా కట్టిన పత్రికలు తెచ్చి ఇచ్చే తపాలా బంట్రోతు వంటిది. రెండవది మనలను వీలైనంత ఎక్కువసేపు దుకాణంలో నిలిపి ఉంచే వర్తకుని వంటిది. కాపరులమైన మనం రెండవదాని ఎదుట గంటలు గడుపుతూ, చదవడానికి సమయం లేదని చెప్పుకొనడం మా జీవితంలో కూడా ఉన్న సంగతే గనుక ఎవరినీ నిందించడం లేదు.

మా అజాగ్రత్తను కూడా ఇక్కడ చెప్పాలి. మేము కొన్నేళ్లపాటు ఒక ఉచిత పఠన సేవలో నలభై ఏడు పత్రికల పట్టికను కూర్చుకొన్నాము. సేవ ఆగిపోతుందని ముందుగానే హెచ్చరిక వచ్చింది. పట్టికను దించుకొనమని కూడా చెప్పారు. క్రిస్మస్ పనులు, ఆ తరువాత సంఘ మహాసభలు అని వాయిదా వేసి, గడువు దాటించాము. తిరిగి ఆ పట్టికలో సగం కూడా గుర్తుకు రాలేదు. ఓ.పి.ఎమ్.ఎల్. అనే ఫైలు రూపంలో ఆ పట్టికను దాచుకొని ఉంటే, వేరొక రీడర్‌లో నిమిషంలో చేర్చుకొనేవారము. పట్టిక మనదైనప్పుడు రీడర్ ఏదైనా ఫరవాలేదు. పట్టిక కూడా వారి దగ్గరే ఉంచినప్పుడు, వారు తలుపు మూసినరోజున మనం బయట నిలబడతాము.

7. మన పత్రికల సంగతి

ఫీడు గురించి ఇంత చెప్పిన తరువాత, అది చూపనిదేమిటో కూడా చెప్పాలి. మా పట్టికలో వచ్చేవన్నీ దాదాపుగా ఆంగ్ల వ్యాసాలు, అందులో ఎక్కువ భాగం ఉత్తర అమెరికా, ఐరోపాలవి. తెలుగు సంఘాలలో ఆన్‌లైన్ బోధన ఎలా సాగింది, ఒకే ఫోను ఉన్న ఇంట్లో చదువుకొన్న సేవకురాలు ఏమి చేసింది, కరెంటు లేని సాయంత్రం పాఠం ఎలా జరిగింది అన్న విషయాలు వాటిలో ఉండవు. అవి వ్రాయవలసినది మనమే. వ్రాసినవి కనబడేలా చేయవలసినది కూడా మనమే.

ఇందులో మన స్వయంకృతమైన అడ్డంకి ఒకటున్నది. తెలుగు లిపి 1991 నాటి యూనికోడ్ మొదటి రూపంలోనే చోటు సంపాదించింది. అయినా మన పత్రికలు చాలాకాలం ముద్రణకు మాత్రమే పనికివచ్చే పాత ఫాంట్లలో టైపు చేయబడ్డాయి. కాగితంపై అవి అందంగా ఉంటాయి. అదే పాఠాన్ని వేరొక కంప్యూటర్‌లో తెరిస్తే అక్షరాలు చెదరిపోతాయి, వెదికితే దొరకవు, ఫీడులో చేరవు. 2000ల దశకంలో తెలుగు బ్లాగర్లు యూనికోడ్‌లో వ్రాసి, 'కూడలి' వంటి సంకలినుల ద్వారా ఫీడులతోనే ఒకరినొకరు చదువుకొన్నారు. ఆ పని సంఘ పత్రికలు చేయలేకపోవడానికి కారణం కనబడదు.

కాబట్టి మూడు మనవులు చేస్తున్నాము. మొదటిది, ప్రతి వేదాంత కళాశాల తన పత్రిక విషయసూచికనైనా యూనికోడ్‌లో ఉంచి, దానికి ఫీడు కల్పించాలి. ఓపెన్ జర్నల్ సిస్టమ్స్‌లో ఆ వీలు ఉన్నది, సాఫ్ట్‌వేరుకు వెల లేదు. రెండవది, గ్రంథాలయాధికారులు వెళ్లిపోయే విద్యార్థికి పట్టాతో పాటు ఇరవై ఉచిత పత్రికల ఫీడుల పట్టికను ఫైలుగా ఇవ్వాలి. మూడవది, కాపరులు వారానికి ఒక గంట ఈ పట్టికకు కేటాయించి, శీర్షికలు చూసి, ఒక్క వ్యాసాన్ని పూర్తిగా చదవాలి. శీర్షికలు తెలిసినంత మాత్రాన చదివినట్లు కాదు. యాభై శీర్షికలు దాటి ఏమీ చదవని వారంకంటె, ఒక వ్యాసం చదివి నోటుపుస్తకంలో నాలుగు వాక్యాలు వ్రాసుకొన్న వారం మేలు.

8. ముగింపు

పౌలు చెరలో ఉండి, చివరి దినాలు సమీపించిన వేళ, తాను విడిచి వచ్చిన పుస్తకాలను, విశేషంగా చర్మపు కాగితాలను తీసికొని రమ్మని తిమోతికి వ్రాసినట్లు రెండవ పత్రిక నాలుగవ అధ్యాయంలో చూస్తాము. ఏ పుస్తకాలు ఎక్కడ ఉన్నవో ఆయనకు తెలుసు గనుక అడుగగలిగాడు. మన గ్రామాలలోని సేవకుడు ఏమి అడగాలో కూడా తెలియని స్థితిలో ఉండకూడదన్నదే ఈ వ్యాసంలోని మా కోరిక.

మా ఆన్‌లైన్ తరగతి నుండి వెళ్లిపోయిన పదముగ్గురిలో నలుగురు తరువాతి సంవత్సరం తిరిగి చేరారు. ఈసారి ఉపన్యాసాన్ని ఇరవై నిమిషాలకు కుదించి, మిగిలిన సమయంలో ఇద్దరిద్దరు చొప్పున ఒకరి వ్రాతను మరొకరు చదివి మాట్లాడే ఏర్పాటు చేశాము. ఆ నలుగురూ చివరి వారం వరకు ఉన్నారు. మిగిలిన తొమ్మండుగురి పేర్లు మా హాజరు పట్టికలో ఇంకా ఉన్నాయి.